కాటమయ్య ప్రెస్సులో తెల్లబోయిన ఫైళ్లు

నల్గొండ గడియారం సెంటరు దాటాక మూడో సందులో ఉన్న కాటమయ్య ప్రెస్సులో అమీరున్నీసా 1980లో పనికి చేరింది. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. సీసపు అక్షరాల కాలమది. గళ్ల పెట్టె ముందు నిలబడితే ఆమె కళ్లు కాగితం మీదే ఉండేవి. చెయ్యి మాత్రం దానంతటది గళ్లలోకి పోయి అక్షరాలు, గుడులు, ఒత్తులు ఏరుకొచ్చేది. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, చదువుకున్నది తెలుగు బడిలో. పెండ్లిపత్రికల్లో వచ్చే సంస్కృతం మాటలు ఆమెకు అర్థమయ్యేవి కావు గానీ, అందులో ఒక్క సున్నా తక్కువైనా కనిపెట్టేసేది.

తప్పు పట్టడంలో ఆమెకో పద్ధతి ఉంది. పేజీ సరిగ్గా పడకపోతే మిగతా వాళ్లు విసుక్కుని మొత్తం ఊడదీసి మళ్లీ కట్టేవాళ్లు. అమీరున్నీసా అలా చేసేది కాదు. ఒక్క చోట మార్చి, ఒక కాపీ తీసి చూసేది. బాగుపడకపోతే దాన్ని ఎప్పటిలాగే పెట్టేసి, ఇంకో చోట మార్చి చూసేది. పక్కన వాళ్లకు ఇది నత్తనడకలా అనిపించేది. కానీ సాయంత్రానికి పని పూర్తయ్యేది ఆమెదే. ఆమె మొగుడు ఖాసిం ఆర్టీసీలో దేవరకొండ రూటు డ్రైవరు. "మా ఇంట్ల కూరల ఉప్పు గూడ గట్లనే చూస్తది. ఒక్కొక్క రవ్వ ఏసుకుంట, రుచి చూసుకుంట. కూర అయ్యేసరికి నాకు డ్యూటీ టైమైతది" అని దోస్తుల దగ్గర వాపోయేవాడు.

1993లో కాటమయ్య సీసం అమ్మేసి, హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన మ్యాక్ కంప్యూటర్ ఒకటి కొనుక్కొచ్చి ముందు గదిలో పెట్టాడు. అమీరున్నీసా వారం రోజులు దాన్ని ముట్టుకోవడానికి భయపడింది. నెల తిరిగేసరికి ఇంకెవరైనా ముట్టుకుంటే ఆమెకు భయమేసేది. మూడేళ్ల తర్వాత వెనక గదిలోకి విండోస్ కంప్యూటర్ ఒకటి వచ్చింది. ఉర్దూ పత్రికలు దాని మీద చేసేవారు. పేద్ద ప్రింటరు కూడా దానికే తగిలించి ఉండేది. తెలుగు పని ముందు గదిలో తయారైనా, అచ్చుకు వెనక గదికి పోవాల్సిందే.

ఆ వెనక గది వహీద్ రాజ్యం. అమీరున్నీసా కన్నా రెండేళ్లు చిన్న, ఆమెను ఉర్దూలో అక్కా అన్నట్టు 'ఆపా' అని పిలిచేవాడు. పదిహేనేళ్లు అచ్చు మిషన్ నడిపినవాడు, ముప్పై దాటాక పట్టుబట్టి కంప్యూటర్ నేర్చుకున్నాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ చదవడం రాదు. ఉర్దూ, ఇంగ్లిష్ అక్షరాలు మాత్రం వచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా వహీద్ శుభ్రం మనిషి. ఇంకు పని చేసేవాళ్లలో తెల్ల అంగీ వేసుకుని వచ్చి, తెల్ల అంగీతోనే ఇంటికి పోయినవాడు జిల్లా మొత్తంలో అతనొక్కడే అని కాటమయ్య బల్లగుద్ది చెప్పేవాడు.

రెండు గదులకూ నడుమ వాకిలి, వాకిట్లో జామచెట్టు. ఫ్లాపీ పట్టుకుని అమీరున్నీసా రోజుకు నలభైసార్లు ఆ వాకిలి దాటేది. వానాకాలంలో ఫ్లాపీని కొంగు కింద పెట్టుకుని ఉరికేది. అట్లా ఒకసారి కాలు జారి పడి, లేచాక తన మోకాలు చూసుకోకుండా ముందు ఫ్లాపీ చూసుకుంది. కిటికీలోంచి అది చూసిన కాటమయ్య మనసు కరిగిపోయింది.

అట్లా 1998 ఎండాకాలం మొదట్లో హైదరాబాదు నుంచి అమరేందర్ అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. జామకొమ్మ మీదుగా నల్లటి తీగ లాగి రెండు గదుల్నీ కలిపాడు. ముందు గది అల్మారాలో తెర లేని మూడో పెట్టె ఒకటి పెట్టాడు.

"దీంట్ల లైనక్స్ అనేది నడుస్తది సార్," అన్నాడు అమరేందర్. "మ్యాక్‌కు, విండోస్‌కు ఒకరి మాట ఒకరికి తెల్వదు. ఇది మ్యాక్‌తోని మ్యాక్ లెక్క మాట్లాడతది, విండోస్‌తోని విండోస్ లెక్క మాట్లాడతది. అక్క తన ఫైలు దీంట్ల పెడితె, వహీద్ భాయ్ దీంట్లకెళ్లి తీసుకుంటడు."

కాటమయ్య ఆ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మా చిన్నల్లుడు గూడ గంతే. మా ఇంట్ల ఒక తీరు, వాళ్లింట్ల ఒక తీరు మాట్లాడతడు" అని, కొబ్బరికాయ తెమ్మని మనిషిని పంపాడు.

నాలుగు రోజులు అంతా బాగానే నడిచింది. ఐదో రోజు కనగల్లు నుంచి జానయ్య అనే రైతు తన బిడ్డ పెండ్లిపత్రికలు తీసుకుపోవడానికి వచ్చాడు. కట్ట విప్పి ఒక కార్డు చేతిలోకి తీసుకుని, దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చదివాడు.

"సేటూ, అచ్చు మంచిగ పడ్డది. రంగు గూడ నేను జెప్పినదే. గని నా బిడ్డ పేరు మంగ. గీడ స్వరూప అని ఉన్నది. గీ పిలగాడు గూడ మంచోని లెక్కనే ఉన్నడు, గని మా అల్లుడైతె కాదు."

కాటమయ్య కార్డు లాక్కుని చూశాడు. అది తిప్పర్తి ఎల్లస్వామి కొడుకు పెండ్లిపత్రిక. మూడు వందల కార్డులూ అవే.

"పోనియ్ సేటూ, గంత పరేషాన్ గాకు," అన్నాడు జానయ్య. "ఎల్లస్వామి ఎవరో ఏమో గని, మూడు వందల సార్లు పిలిచిండు. పోకపోతె బాగుండదు."

జానయ్య నవ్వి ఊరుకున్నాడు కానీ, వెనక గదిలో వహీద్ ముఖం మాడిపోయింది. "ఆపా, నేను తెలుగు చదవనని నీకు ఎరుకే గదా. ఫైలు పేరు చూసి ప్రింటు కొడత. చూడు, పేర్లెట్ల ఉన్నయో!"

అమీరున్నీసా వంగి చూసింది. ప్రింటరు నడిపే ప్రోగ్రాం పాతకాలపుది. దానికి ఎనిమిది అక్షరాలకు మించిన పేరు పట్టదు. ఆమె ముందు గదిలో ఇంగ్లిష్ అక్షరాల్లో 'పెండ్లి జానయ్య కనగల్లు', 'పెండ్లి ఎల్లస్వామి తిప్పర్తి' అని విడమరిచి పెట్టిన పేర్లు ఇక్కడికి వచ్చేసరికి తోక తెగి, పెండ్లిలో మొదటి ఐదక్షరాలు, ఒక వంకర గీత, ఆ వెనక అర్థంలేని రెండు గుర్తులు మాత్రమే మిగిలాయి. తెర మీద పై నుంచి కింది దాకా అన్నీ పెండ్లిళ్లే. ఏది ఎవరి పెండ్లో తెలిసే దారి లేదు.

ఆమె ముక్కు మీద వేలేసుకుంది. మరునాడు అట్టముక్క మీద తెలుగులో, ఉర్దూలో రాసి రెండు గదుల గోడల మీదా అంటించింది. పేరు ఎనిమిది అక్షరాలు దాటొద్దు. నడుమ ఖాళీ వద్దు. తారీకులు రాసి అడ్డగీతలు పెట్టొద్దు. ముందు మనిషి పేరు, వెనక నంబరు.

"మనిషి పేరు ఎనిమిదక్షరాల్ల ఎట్ల పడతది బిడ్డా?" అని కాటమయ్య అడిగాడు. "నీ పేరే పట్టదు గదా?"

నిజంగానే పట్టలేదు. ఆమె ఫోల్డరు పేరు అమీర్ అని కుదించాల్సి వచ్చింది. ఉర్దూలో అమీర్ అంటే ధనవంతుడు. "చూసినవా వహీద్ భాయ్, ఇరవై ఏండ్లకు గీ పెట్టె నన్ను అమీర్ జేసింది" అంటే వహీద్ రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు.

పేర్ల గోల తీరిందని ఊపిరి పీల్చుకునేలోపే అసలు గోల మొదలైంది. ఒకరోజు పొద్దున అమీరున్నీసా వచ్చి మ్యాక్ తెరిస్తే, నిన్నటి దాకా రంగురంగుల బొమ్మలతో వరుసగా ఉన్న ఫైళ్లన్నీ తెల్ల కాగితాల్లా మారి ఉన్నాయి. ఏది నొక్కినా, దీన్ని తెరిచే ప్రోగ్రాం ఏదో నాకు తెలియదు అని మ్యాక్ చేతులెత్తేసింది. జానయ్య బిడ్డ పత్రిక కూడా వాటిలోనే ఉంది. ఆమె గొణుక్కుంటూ మళ్లీ మొదటి నుంచి టైపు చేసింది. మధ్యాహ్నానికి అచ్చయింది. మరునాడు పొద్దున అది కూడా తెల్లబోయి కూర్చుంది.

వారం రోజుల్లో ఇరవై రెండు ఫైళ్లు అట్లా అయ్యాయి. కోపం పట్టలేక మూడింటిని ఆమే చెత్తబుట్టలో పారేసింది. ప్రెస్సులో ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. కరెంటు ఎక్కువ తక్కువ వస్తున్నదని ఒకరు, జామచెట్టు తొండ తీగ కొరుకుతున్నదని ఒకరు. కాటమయ్య నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి లైనక్స్ పెట్టెకు కట్టాడు. హైదరాబాదుకు ఫోన్ చేస్తే అమరేందర్, "గట్ల కానే కాదక్కా, నేను పెట్టిన సెట్టింగుల తప్పు లేదు" అని ఒకే మాట పట్టుకున్నాడు.

"నీ సెట్టింగుల తప్పు లేకపోతె నా నసీబుల తప్పున్నదా?" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ రోజు ఇంటికి పోయేటప్పుడు ఒక వంద పేజీల నోటుబుక్కు కొన్నది. పేజీని నిలువునా మూడు భాగాలు చేసి గంట, ఏం చేసిన, ఏమైంది అని పైన రాసుకుంది. మరునాడు మంగళవారం మూడు చిన్న ఫైళ్లు తయారుచేసి పంచుకునే ఫోల్డరులో పెట్టింది. ఒకటి వహీద్‌తో ప్రింటు కొట్టించింది. రెండోది ఊరికే తెరిచి మూయమంది. మూడో దాని జోలికి వెళ్లొద్దని చెప్పింది. ఇక గంటగంటకూ పోయి చూసి రాసుకోవడమే పని. పదకొండు, మూడూ బాగున్నయ్. పన్నెండు, బాగున్నయ్. నాలుగున్నరకు కూడా బాగున్నయ్. ఐదుంబావుకు చూస్తే మూడూ తెల్లగా ఉన్నాయి. ఎవరూ ముట్టని మూడోది కూడా! కానీ ఒక విచిత్రం కనిపించింది. పొద్దున ఎంత సైజు ఉన్నాయో ఇప్పుడూ అంతే ఉన్నాయి. లోపలి సరుకు లోపలే ఉంది. పోయింది మాత్రం ఇంకేదో.

బుధవారం మళ్లీ అంతే. గురువారమూ అంతే. ఐదు గంటల ప్రాంతంలోనే. శుక్రవారం మాత్రం ఒక్కటీ తెల్లబోలేదు. శనివారం పొద్దున వచ్చి చూసినా నవనవలాడుతూ ఉన్నాయి.

"శుక్రవారం లచ్చుమ్మ తల్లి దినం గద బిడ్డా!" అని కాటమయ్య చేతులు జోడించాడు.

అమీరున్నీసాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. శుక్రవారం నమాజు తర్వాత వహీద్ మిర్యాలగూడలో ఉన్న అత్తగారింటికి పోయాడు. మళ్లీ శనివారం పొద్దున్నే వచ్చాడు. నోటుబుక్కులో ఆ సంగతి రాయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. పదిహేనేళ్లుగా రంజాన్‌కు సేమియా ఇచ్చిపుచ్చుకుంటున్న మనిషి. ఎందుకు చేస్తాడు? తెలుగు రానందుకు ఎవరైనా నవ్వారని మనసులో పెట్టుకున్నాడా? ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేకపోయింది.

నాలుగున్నర దాటాక చాయ్ గ్లాసు పట్టుకుని వెనక గదికి పోయి కాగితాల కట్ట మీద కూర్చుంది. వహీద్ ఆమెను చూసి తల ఊపి తన పనిలో పడ్డాడు. ముందు ప్రింటరు తుడిచాడు. తర్వాత మీటల పలకను తలకిందులు చేసి దులిపాడు. తెరను ముందు తడిబట్టతో, తర్వాత పొడిబట్టతో రుద్దాడు. ఆఖరికి కుర్చీ లాక్కుని కూర్చుని పంచుకునే ఫోల్డరు తెరిచాడు. అందులో చుక్కతో మొదలయ్యే పేరున్న ఇంకో ఫోల్డరు ఉంది. ముందు గదిలో అమీరున్నీసా దాన్ని ఎన్నడూ చూడలేదు. వహీద్ దాన్ని తెరిచి, లోపలున్నవన్నీ ఒక్కసారిగా పట్టి, తీసెయ్యమని మీట నొక్కాడు.

"భాయ్! గిదేం చేస్తున్నవ్?"

"సాఫ్ చేస్తున్న ఆపా. రోజూ చేస్త." అతని గొంతులో గర్వం ఉంది. "నీ మ్యాక్ పెద్ద చెత్త మిషన్. ఒక్క కార్డుకు రెండు ఫైళ్లు పెడతది. అసలుది పైన ఉంటది. గదే పేరుతోని గింతంత ఇంకోటి గీ ఫోల్డర్ల దాసిపెడతది. అది ఎవ్వలకు పనికి రాదు. గందుకే తీసి పారేస్తున్న."

"దాసిపెట్టినవి నీకెట్ల కనిపిస్తున్నయ్?"

"పేర్ల గోల అయినంక, దాసినవి గూడ చూపియ్యమని కంప్యూటర్‌కు చెప్పిన. దాసుకుంటెనే గద ఇంట్ల చెత్త పేరుకునేది!"

అమీరున్నీసా చాయ్ గ్లాసు కింద పెట్టింది. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్లలోంచి నీళ్లు కారాయి. నవ్వు ఎక్కడ ఆగిందో, పొద్దుటి నుంచి మోసిన బరువు దిగిన ఏడుపు ఎక్కడ మొదలైందో ఆమెకే తెలియలేదు. వహీద్‌కు మాత్రం ఒళ్లు మండింది.

"నవ్వుతవేంది ఆపా? మంచిపని చేస్తె నవ్వుడేంది?"

"భాయ్, సీసం కాలంల పేజీ కట్టి దారం చుట్టినంక చీటీ పెట్టేటోళ్లం యాదికున్నదా? గిది ఎవరిది, ఏం పని, ఏ మిషన్ మీదికి పోవాలె అని? మ్యాక్ గూడ గట్లనే రాసి పెట్టుకుంటాంది. సరుకు ఒక దిక్కు, చీటీ ఒక దిక్కు. నువ్వు రోజూ పొద్దుగూకకముందే చీటీలన్నీ పీకి పారేస్తున్నవ్. పొద్దున లేచి చూస్తె దానికి ఏది ఏందో తెలుస్తలేదు."

వహీద్ చేతిలోని పొడిబట్ట కింద పడింది. "అయితె గా ఇరవై రెండు ఫైళ్లు నేనే...?"

"పంతొమ్మిదే. మూడు నేను కోపంల పారేసిన."

"సేటు నన్ను పంపిస్తడా ఆపా?"

ముందు అమరేందర్‌తో మాట్లాడి, తర్వాత నెమ్మదిగా సేటుకు చెబుదామని ఆమె అనుకుంది. ఫోన్లో చుక్క ఫోల్డరు మాట ఎత్తేసరికి అమరేందర్ తన పాత మాట వదిలేశాడు. "అక్కా, గది విండోస్‌ల ఎవ్వరి చేతికి చిక్కకుండ నేనే బంద్ చెయ్యాలె. మర్చిపోయిన" అన్నాడు. "సైజు అట్లనే ఉన్నదంటవ్ గదా? అయితె సరుకు పోలే. సోమవారం వస్త, చీటీలు మళ్ల రాసే ప్రోగ్రాం ఫ్లాపీల తెస్త."

ఆమె ఫోన్ పెట్టి వెనక్కి తిరిగి చూస్తే వహీద్ లేడు. అప్పటికే కాటమయ్య ముందు నిలబడి జరిగిందంతా చెప్పేశాడు. కాటమయ్య అతని తెల్ల అంగీని కిందికీ మీదికీ చూశాడు.

"అమీరా," అన్నాడు, "నా ప్రెస్సుల ముప్పై ఏండ్ల సంది ఎందరో పని చేసిండ్రు. చెప్పినంక గూడ ఊడ్చినోడు లేడు. చెప్పకముందే ఊడ్చినోడు గీడొక్కడే. గీన్ని పంపిచ్చి నేనేం బాగుపడత?" తర్వాత వహీద్ వైపు తిరిగాడు. "గని ఆ పెట్టెల ఇంకేం సాఫ్ చెయ్యకు. అంత చెయ్యాలని ఉంటె జామచెట్టు కింద ఆకులున్నయ్."

సోమవారం అమరేందర్ వచ్చాడు. చుక్క ఫోల్డరు విండోస్‌కు కనపడకుండా, కనపడినా చెరపడానికి వీల్లేకుండా చేశాడు. తర్వాత ఒక్కొక్క తెల్ల ఫైలుకూ దాని గుర్తు తిరిగి పెట్టడం అమీరున్నీసాకు చూపించాడు. రెండింటిని అతను చేశాడు, మిగతా పదిహేడు ఆమే చేసింది. తెల్ల కాగితం మీద రంగుబొమ్మ తిరిగి వచ్చినప్పుడల్లా వహీద్ కిటికీలోంచి "ఇంకోటి లేచింది!" అని వాకిట్లోకి కేకేసేవాడు. పోతూ పోతూ అమరేందర్ ఆ నోటుబుక్కు అడిగి తీసుకుని చదివాడు. శుక్రవారం పేజీ దగ్గర ఆగి, "అక్కా, నాకు హైదరాబాదుల ఎవ్వరు గూడ గిట్ల రాసి ఇయ్యలే. ఫోన్ చేసి ఖరాబైందని తిడతరు గంతే" అన్నాడు.

ఆ తర్వాత అమరేందర్‌కు ఈ దిక్కు నుంచి ఫోన్ వస్తే, తను రావడానికి వీలుపడనప్పుడు, "నల్గొండల అమీరక్కను పిలుసుకోండ్రి" అని చెప్పడం మొదలుపెట్టాడు. సూర్యాపేటలో ఒక ప్రెస్సు, మహబూబ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు ఆమెను పిలిచాయి. అన్నిటికన్నా దూరం నారాయణపేట. అక్కడ చీరలు నేసేవాళ్ల సంఘం ఒకటి అంచుల డిజైన్లు కంప్యూటర్లో పెట్టుకుంది. 1999లో వాళ్లు కొత్త విండోస్ కంప్యూటర్ కొంటే, పాత కంప్యూటర్లు రెండూ అమరేందర్ పెట్టిన లైనక్స్ పెట్టెలోకి దర్జాగా పోతున్నాయి గానీ కొత్తదాన్ని అది గడప తొక్కనివ్వడం లేదు. అక్కడ పనిచేసే హనుమమ్మ మూడు రోజులుగా అదే పాస్‌వర్డు కొట్టి కొట్టి వేలు నొప్పి తెచ్చుకుంది.

"తప్పు కొడుతున్నవని అందరు నన్నే అంటాండ్రు అక్కా," అంది హనుమమ్మ.

అమీరున్నీసా ఆమెను పాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి అదే పాస్‌వర్డు కొట్టమంది. వెంటనే తలుపు తెరుచుకుంది. కొత్తదాని ముందు కొట్టమంటే తెరుచుకోలేదు. రెండూ రాసుకుంది. కొట్టే మనిషి ఒక్కరే, మాట ఒక్కటే, పెట్టె ఒక్కటే. మారింది కంప్యూటర్ ఒక్కటే. ఫోన్ చేసి ఇదే చెబితే అమరేందర్ అవతలి నుంచి విప్పి చెప్పాడు. పాత కంప్యూటర్లు పాస్‌వర్డును ఉన్నదున్నట్టు చెప్పేస్తాయి. కొత్తది తాళం వేసి పంపుతుంది. ఆ తాళం ఎట్లా తీయాలో లైనక్స్ పెట్టెకు ఇంకా నేర్పలేదు. అతను చెబుతుంటే ఆమె ఒక్కొక్క అక్షరం కొట్టింది, రెండుసార్లు తప్పు పడి మళ్లీ కొట్టింది. గంటన్నర పట్టింది.

"ఇప్పుడు నువ్వే కొట్టు బిడ్డా" అని లేచి హనుమమ్మకు కుర్చీ ఇచ్చింది.

హనుమమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, ఒక వేలితో పాస్‌వర్డు కొట్టింది. తెర మీద ఫోల్డరు తెరుచుకుని, లోపల ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గళ్ల అంచులు వరుసగా పరుచుకున్నాయి. పక్క గదిలో మగ్గాల దగ్గరున్న వాళ్లు కూడా లేచి వచ్చి చూశారు. తప్పు నీదేనని మూడు రోజులుగా అన్న కార్యదర్శి మీసం సవరించుకుంటూ బయటికి పోయి, చాయ్ తెప్పించాడు.

"అక్కా, తిరుగు బస్సుకు ఇంక టైమున్నది గదా," అంది హనుమమ్మ. "గా తాళం సంగతి నాకు గూడ జర చెప్పి పో. మళ్ల ఇంకో కంప్యూటర్ కొంటె నేనే చేస్త."

అమీరున్నీసా అప్పుడే వేసుకున్న చెప్పులు మళ్లీ విప్పి, ఇంకో కుర్చీ హనుమమ్మ పక్కకు జరుపుకుంది.